రెండున్నర అగ్గిపుల్లల దూరం

ఆ పటం వెనక అట్ట విప్పితే పాత కాగితం, తేమ, ఎండిపోయిన మైదా జిగురు కలిసిన వాసనొకటి వస్తుంది. ఐర్లండులో, ఆడమ్స్‌టౌన్‌లోని మా హాల్లోకి ఆ వాసన గుంటూరులో నాన్న పటాలు కట్టే కొట్టును తెచ్చి నిలబెడుతుంది. ఈ లాక్‌డౌన్‌లో దాన్ని విప్పడం, తుడవడం, మళ్లీ బిగించడం తప్ప నాకు వేరే పని లేదు.

నాన్న ఎక్కువగా పెళ్లి ఫోటోలకూ బైబిలు వాక్యాలకూ ఫ్రేములు కట్టేవాడు. ఒకసారి ఖాళీ చేస్తున్న దొరల బంగళా నుంచి ఇంగ్లీషు వేట బొమ్మ ఒకటి తెచ్చి ఇంట్లో పెట్టాడు: పచ్చటి గుట్టలు, ఎర్రకోట్లు తొడుక్కున్న గుర్రపు రౌతులు ఏడుగురు, కుక్కలు పందొమ్మిది, అన్నిటికంటే ముందు చెవులు వెనక్కి వాల్చి పరిగెత్తే నక్క ఒకటి. బడికంటే ముందు నాకు లెక్కలు నేర్పింది ఆ కుక్కలే. డిసెంబరు రాగానే గోడలకు నీలం కలిపిన సున్నం వేసి, రంగుకాగితాల తోరణాలు అంటించి, అమ్మ అరిసెల పాకం పట్టే వాసనలో మేం గడ్డి పరిచి పశువుల పాక కట్టేవాళ్లం. బేత్లెహేము కొండలుగా ఆ పటమే వెనక నిలబడేది. ఎర్రకోట్ల వాళ్లు హేరోదు సైనికులని, పసివాడి కోసం వస్తూ దారిలో నక్కను తరుముతున్నారని నేనూ అక్కా ఏళ్ల తరబడి నమ్మాం.

నక్కకూ మొదటి కుక్కకూ మధ్య దూరం అగ్గిపుల్లలతో కొలిచాను. రెండున్నర.

“సాలదురా చిన్నోడా,” అని అక్క పాకలోంచి మట్టి గొర్రెను తీసి, అద్దానికి ఆనించి నక్కను దాచేసింది.

నాన్న నవ్వాడు. “గొర్రె ఎనకాల నక్కా? బాగుందే తల్లీ! అది బొమ్మేనే, కుక్కలు ఎప్పటికీ అందుకోలేవు.”

అక్క ఒప్పుకోలేదు. ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కూ గొర్రె అక్కడే.

ఆ అక్క ఇప్పుడు ఇదే దేశంలో, ట్రాలీ అనే ఊళ్లో నర్సు. పోయిన క్రిస్మస్‌కు ముందు, అక్కడేదో పాత బంగళా సామాన్ల వేలంలో అచ్చం అదే బొమ్మ కనబడితే కొని, దారంతా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. “లెక్కపెట్టుకోరా, ఒక్క కుక్క తగ్గినా తిరిగిచ్చేస్తా.” పందొమ్మిదీ ఉన్నాయి.

ఆమె పనిచేసే ఆస్పత్రిలోనే ఇప్పుడు ఆమెకు ఆక్సిజన్ పెట్టారు. ట్రాలీ మూడు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఇల్లు దాటి వెళ్లడానికి నాకున్న అనుమతి ఐదు. దారిలో గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, వదిలినా వార్డు తలుపు తియ్యరు. రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి, ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో ఒక అంకె చెబుతారు. తొంభై ఒకటి. ఎనభై తొమ్మిది. ఎనభై ఆరు. ఎలాంటి అంకెనైనా కలిపో తీసేసో దారికి తెచ్చుకునే నాకు, వీటితో చేతనయింది రాసుకోవడం ఒక్కటే.

“షీ విల్ బి గ్రాండ్, డాడ్,” అని అత్తకేం కాదన్నట్టు ఇక్కడి యాసలో ధైర్యం చెబుతుంది మా అమ్మాయి, నా మొహం చూడకుండా.

నాన్న లేడు, కొట్టు లేదు, నీలం సున్నపు గోడ లేదు. మట్టి గొర్రె ఎవరి చేతిలో పగిలిందో గుర్తు కూడా లేదు. ఈ మధ్యాహ్నం పటాన్ని గోడకు తగిలించి అగ్గిపుల్లలతో మళ్లీ కొలిచాను. రెండున్నరే. అడ్డం పెట్టడానికి ఏమీ దొరక్క, నక్క మీద బొటనవేలు ఆనించి నిలబడ్డాను.

వంటింట్లో ఫోన్ మోగింది. “డాడ్... ట్రాలీ,” అంది అమ్మాయి.

వేలు తియ్యలేకపోయాను.