మగ్గం గుంట కొలత

స్వరాజ్యం వచ్చిన మరుసటేడు, మంగళగిరిలో నేతపనివాళ్ళ కొత్త కాలనీకి పునాదుల ముగ్గు పోయిస్తున్నారు ఓవర్సీర్ రామకోటేశ్వరరావు గారు. ఆ ముగ్గుగీత ఎవరు తొక్కినా, "గోడ మీద నడుస్తావేమయ్యా!" అని కసురుతారు. ప్రతి ఇంట్లోనూ వంటింటి కంటే ముందు, నేతగాడు కాళ్ళు దించుకుని కూర్చునే మగ్గం గుంటకే చోటు చూపిస్తారు. ఆ ఇంటి నేతగాణ్ణి అక్కడ కూర్చోబెట్టి, మోకాలి నుంచి మడమ దాకా వెదురు బద్దతో కొలిచి, అంతకే కోసి ముగ్గు మధ్య ఉంచుతారు. గుంట అంత లోతు తవ్వాలన్నమాట. అలా చౌడయ్య కాలూ కొలిచారు. వారం తిరక్కుండానే, పాతపేటలో మురుగు కలిసిన బావినీళ్ళు తాగి చౌడయ్య కలరాతో పోయాడు. ఇవాళ అతని భార్య భద్రమ్మ ఒక్కతే ఆ గోడలన్నీ తొక్కుకుంటూ వచ్చి, అతని కొలత బద్ద దగ్గర కూలబడింది. ఓవర్సీరు గారు కసరలేదు.

"ఇక మగ్గంలో ఎవరు కూర్చుంటారమ్మా?"

"ఇన్నాళ్ళూ ఆయన మగ్గానికి నూలు కండెలు చుట్టానండీ. ఇక నేనే కూర్చుంటాను."

ఆయన ఆమె పొట్టి కాళ్ళ వంక చూసి, బద్దను తగ్గిద్దామని కత్తి తీశారు. భద్రమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"కొయ్యకండి బాబూ. గుంట ఆయన కొలతకే తవ్వించండి. నా కాళ్ళ కింద ఇటుకలు పెట్టుకుంటాను."