దిబ్బ చుట్టూ పదకొండు చుట్లు

మా బావతో వేగడం ఒక ఎత్తు, బావకీ ట్యాబ్‌కీ మధ్య కూర్చుని వేగడం ఇంకో ఎత్తు. ఇంతా చేసి సాయంత్రం ఇంటికొస్తే బావకీ అక్కకీ మధ్య కూర్చోవాలి. నా బతుకంతా ఎవరో ఇద్దరి మధ్యే తెల్లారిపోతోంది.

బావ వాన కొలిచే ఆఫీసులో డ్రైవరు. కొండల్లో అక్కడక్కడా వాన కొలిచే పెట్టెలుంటాయి. వాటిని శుభ్రం చేసి అంకెలు రాసుకొచ్చే పని నాది, నన్ను జీపులో అక్కడికి చేర్చే పని బావది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ సీట్లోనే ఉన్నాడు. మంచి రోడ్డు మీద ఆవలిస్తాడు. రాళ్లూ బురదా మొదలయ్యాయంటే మాత్రం వీపు నిటారుగా చేసుకుని కూర్చుంటాడు. ఇంజను మూలుగు విని ఏ చక్రం కింద ఏముందో చెప్పేస్తాడు. అవన్నీ చెబుతాడు కానీ మనసులో ఏముందో మాత్రం చచ్చినా చెప్పడు. చూపు కూడా అంతే. మైలు దూరంలో ఉన్న గుంట కనిపిస్తుంది, చేతిలో ఉన్న కాగితం కనపడదు. కళ్లజోడు పెట్టుకోమంటే ఒంటికాలి మీద లేస్తాడు.

అలాంటి మనిషి ముందు ట్యాబ్ తెచ్చి బిగించారు. నిరుడు వానలు మొదలయ్యే ముందు మా ఆఫీసుకి కుర్ర ఆఫీసరు ఒకాయన వచ్చాడు. అందరం మ్యాపు సారు అంటాం. నాలుగు జీపులకీ నాలుగు ట్యాబ్‌లు పెట్టించి, "దీన్ని ఆన్‌లో ఉంచి ఎప్పట్లా వెళ్లి రండి. మీరెళ్లిన దారిని అదే గీతగా గీసుకుంటుంది. ఇకమీదట ఎవరెళ్లినా ఆ గీత మీదే వెళ్లాలి" అన్నాడు. ఫోన్ సిగ్నల్ కూడా అక్కర్లేదట, ఉపగ్రహాలతోనే పని జరిగిపోతుందట. అన్నిటికన్నా దూరంగా ఉండే పదిహేడో నంబరు పెట్టెకి గీత గీసింది బావే.

ఆ రోజు నుంచీ జీపులో యుద్ధమే. బావ బొటనవేలు తెర మీద పడిందంటే కొండలూ వాగులూ మాయమై ఏకంగా భూగోళం ప్రత్యక్షమవుతుంది. "ప్రపంచమంతా వచ్చి కూర్చుందే, మన జీపేదే?" అని నా మీద అరుస్తాడు. లోపలి ఆడగొంతు "మీరు దారి తప్పారు" అంటే, "నువ్వే తప్పావు" అని దానికి జవాబిస్తాడు. ఎక్కువ మాట్లాడితే దాని మీద తువ్వాలు కప్పేస్తాడు. తువ్వాలు తీయడం, తిట్లు తినడం నా వంతు.

ఇక ఇంటి సంగతి. వాళ్ల మేడమీద గదిలో ఉంటాను నేను. భోజనం కిందే. పద్నాలుగు నెలలుగా ఆ ఇంట్లో "ఏమండీ" అన్న మాట వినపడలేదు. అక్క కడుపులో గడ్డకి ఆపరేషన్ గురువారమని చెప్పారు. నన్ను అక్క దగ్గర ఉంచి, బుధవారం వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తానని బావ ఒక్కడే కొండల్లోకి పోయాడు. తీరా డాక్టరు బుధవారం పొద్దున్నే చేసేస్తానన్నాడు. నేను ఫోన్ చేసి "ఇప్పుడే లోపలికి తీసుకెళ్తున్నారు" అంటే అటునుంచి "ఆ" అన్నాడు, అంతే, కట్. వాగు పొంగి దారి మూసుకుపోయి మర్నాడు పొద్దునెప్పుడో ఆస్పత్రికొచ్చాడు. "రాలేకపోయారు సరే, ఒక్క ఫోనన్నా చేయాలనిపించలేదా?" అని అడిగింది అక్క. "సిగ్నల్ లేదు" అన్నాడు. అక్క గోడవైపు తిరిగి పడుకుంది. అంతే, మాటలు బంద్.

గొడవ పడ్డా బాగుండేది. అదీ లేదు. "మీ బావకి చెప్పవే, గ్యాస్ అయిపోయిందని." బావ అక్కడే, అడుగు దూరంలో ఉంటాడు. "మీ అక్కకి చెప్పు, విన్నానని." మధ్యలో నేను తపాలా బంట్రోతుని. "ఇంకోసారి సరిగ్గా చెప్పొచ్చుగా బావా" అంటే, "ఒకసారి చెప్పాను" అంటాడు. గోడకి చెప్పినట్టే. "మనిషి పోతుందో ఉంటుందో తెలియని వేళ నన్ను తలుచుకోని వాడితో నాకేం మాటలే" అని ఒకసారి అక్క ఏడ్చింది. ఆ ఏడుపు చూశాక నాకూ బావ మీద లోలోపల కోపమే.

ఇలా ఉండగా ఆఫీసులో మెమోల గోల మొదలైంది. పదిహేడో పెట్టె గీత ఓ వింత. వాగు దాటి కిలోమీటరు ముందుకెళ్తుంది. మళ్లీ వెనక్కి తిరిగి వాగొడ్డుకే వస్తుంది. అక్కణ్ణుంచి పక్కనున్న రాళ్లదిబ్బ ఎక్కి, దాని నడినెత్తిన చుట్టు తిరిగి, అప్పుడు పెట్టెకి పోతుంది. గీత మీదే వెళ్లాలన్నారు కాబట్టి మిగతా ముగ్గురు డ్రైవర్లూ నోరెత్తకుండా వాగు దాకా వెనక్కొచ్చి, కాసేపు నీళ్లని చూసి, దిబ్బ చుట్టూ ప్రదక్షిణ చేసి మరీ వెళ్తున్నారు. ఎందుకో ఎవరికీ తెలీదు. ఏదో కారణం ఉండే ఉంటుందని అందరి నమ్మకం. ఆ దిబ్బ జోలికి పోకుండా నేరుగా వెళ్లేవాడు ఒక్కడే, ఆ గీత గీసిన మా బావ.

మూడు మెమోలు వచ్చాయి. సంజాయిషీలో మూడుసార్లూ "అవసరం లేదు" అని రాసిచ్చాడు. మ్యాపు సారుకి తిక్కరేగి నన్ను పిలిచాడు. "ఈసారి మీరే చూసి, ఎందుకు వదిలేస్తున్నాడో రాసివ్వండి."

మర్నాడు వాగు దాటగానే తువ్వాలు తీసి, ట్యాబ్ ఊడదీసి ఒళ్లో పెట్టుకున్నాను. కిలోమీటరు పోయాక "వెనక్కి తిరగండి" అంది ఆడగొంతు. బావ గేరు మార్చి ముందుకే పోనిచ్చాడు.

"ఎందుకు బావా, తిప్పితే నీ సొమ్మేం పోయింది?"

"డీజిలు దండగ."

"మరి ఆరోజెందుకు తిప్పావు?"

"ఇంజను వేడెక్కింది."

ఇంజను వేడెక్కితే ఎవడైనా బండి ఆపుతాడు గానీ దిబ్బెక్కించి తిప్పుతాడా? నాకు ఒళ్లు మండిపోయింది. సంజాయిషీలో ఏదో ఒకటి రాయాలి కదా అని దిబ్బ బొమ్మని రెండు వేళ్లతో పెద్దది చేశాను. దూరం నుంచి ఒక చుట్టులా కనిపించింది ఒకటి కాదు. ఒకదాని మీద ఒకటి, ఒకదాని పక్కన ఒకటి, చుట్లు. లెక్కపెడితే పదకొండు. ప్రతి చుట్టులోనూ బండి ఆగిన చోటల్లా చిన్న చుక్క. చుక్క మీద వేలు పెడితే తేదీ, టైము వచ్చాయి.

ఆ బుధవారమే. మొదటి చుక్క తొమ్మిదీ ఇరవై. ఆఖరిది ఒంటిగంటా అయిదు. తొమ్మిదింటికి అక్కని లోపలికి తీసుకెళ్లారు. బయటికి తెచ్చాక, "అయిపోయింది, అక్క బాగుంది" అని నేను బావకి మెసేజ్ పెట్టింది ఒంటిగంటకి.

"సిగ్నల్ కోసమా?" అన్నాను.

బావ రోడ్డే లేనిచోట రోడ్డువైపు చూస్తూ స్టీరింగు సరిచేశాడు. "నీ ఫోన్ రాగానే వెనక్కి తిప్పాను, వాగు అప్పటికే పొంగేసింది. దిబ్బ మీద నీ మెసేజ్ ఒక్కటే వచ్చింది. నేను పెట్టినవి ఒక్కటీ పోలేదు. ఆ దిబ్బ మొహం మళ్లీ చూడబుద్ధి కాదు నాకు. దాని చుట్టూ మళ్లీ తిరగమంటాడా వాడు?" అని తువ్వాలు లాగి ట్యాబ్ మీద కప్పేశాడు.

పద్నాలుగు నెలలు! ఈ ఒక్క ముక్క చెప్పకుండా పద్నాలుగు నెలలు గ్యాస్ కబుర్లు నాచేత మోయించాడు. ఆ క్షణాన జీపులోంచి తోసేద్దామన్నంత కోపం వచ్చింది. నాకు డ్రైవింగ్ రాదని ఊరుకున్నాను.

ఆ సాయంత్రం ఛార్జింగు వంకతో ట్యాబ్ ఇంటికి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టి అక్కకి చూపించాను. తేదీ చూపించాను, టైము చూపించాను. అక్క చెయ్యి కొంగుకి తుడుచుకుని, కళ్లజోడు సవరించుకుని, ఒక్కో చుట్టూ వేలితో తిప్పుతూ లెక్కపెట్టింది. పదకొండు అయ్యాక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

"ఈ చుక్కలేంటే?"

"ఆగిన చోట్లు. దిగి ఫోను చూసుకున్నాడన్నమాట."

అక్క ఆ చుక్కల మీద ఒక్కోదాని మీదా వేలు ఆనిస్తోంది. అప్పుడే బావ జీపు కడిగి లోపలికొచ్చాడు. బల్ల మీద ఏముందో చూశాడు. అలవాటు ప్రకారం నావైపే తిరిగి, "మీ అక్కకి చెప్పు, తడి చేతులతో ముట్టుకోవద్దని. ఆఫీసు సొమ్మది" అన్నాడు.

అక్క నావైపు చూడలేదు.

"ఏమండీ, దాని చుట్టూ పదకొండుసార్లు తిరిగారే, ఇంటికొచ్చి నాతో ఆ మాట ఒక్కసారి చెప్పడానికి నోరు రాలేదా?"

బావ నోరు తెరిచాడు, నావైపు చూశాడు, మళ్లీ అక్కవైపు చూశాడు. "చెప్పాను కదే, సిగ్నల్ లేదని" అన్నాడు.

"అదీ ఒక చెప్పడమేనా? మనిషన్నవాడు అలాగేనా చెప్పేది?"

"ఇంకెలా చెప్పాలి, డప్పు కొట్టా?"

ట్యాబ్ అక్క చేతికిందే వదిలేసి, సంజాయిషీ కాగితం తీసుకుని మేడమీదికి వచ్చేశాను. కారణం అన్నచోట "ఆ చుట్లు సిగ్నల్ కోసం తిరిగినవి. ఇక తీసేయవచ్చు" అని రాసి సంతకం పెట్టాను. కింద ఇద్దరూ గొంతులు చించుకుని పోట్లాడుకుంటున్నారు. గంట గడిచింది. మధ్యలో ఒక్కసారి కూడా ఎవరూ నన్ను పిలవలేదు.