బొగ్గుపులుసుకు సున్నం

ఆకాశంలోని చెడ్డగాలిని సముద్రం చేత మింగించే ఉపాయాన్ని ప్రపంచంలో అందరికన్నా ముందు కనిపెట్టింది మా నాయనమ్మ మణెమ్మ. పెద్ద పెద్ద దేశాల వాళ్ళు ఓడలేసుకుని తిరుగుతూ ఇంకా వెతుకుతున్న సంగతిని ఆమె గరిడేపల్లి రోడ్డు పక్కన, మా సున్నపు బట్టీ ముందు, పీట మీద కూర్చుని తేల్చేసింది. అదీ సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడకుండా. చూసి తేల్చడంలో గొప్పేముంది? ఇందులో అబద్ధం ఉందని ఎవరికైనా అనుమానం వస్తే మా నోటుబుక్కు చూసుకోవచ్చు. అది రాసింది నేనే. ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివినదాన్ని, కాబట్టి ఒక్కసారే చదివిన వాళ్ళకన్నా నాకు అనుభవం ఎక్కువ.

నాయనమ్మకు ఉన్న జబ్బు ఒక్కటే. మనిషి కనిపిస్తే ఊదమనేది.

ఇంటికొచ్చిన వాళ్ళకు ఎవరైనా మంచినీళ్ళిస్తారు. మా ఇంట్లో సున్నపు తేట పోసిన సీసా, అందులో ఒక బొప్పాయి ఆకు కాడ ఇచ్చేవాళ్ళం. వచ్చిన వాళ్ళు తాగడానికనుకుని పీల్చబోతే, "తాగకు, ఊదు," అనేది. ఎందుకని అడిగిన వాళ్ళకు, "లోకం కోసం," అనేది. లోకం కోసం అంటే మా ఊళ్ళో ఎవరూ కాదనలేరు. ఆ లోకంలో తమకు కావలసిన వాళ్ళెవరైనా ఉంటారేమోనని భయం.

ఈ పిచ్చికి మూలం మా ఇంటి రేడియో. తొంభై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో ఒకనాడు అందులో ఎవరో పెద్దాయన మాట్లాడాడు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి భూమి వేడెక్కుతోందట. సముద్రం దాన్ని కొంత తాగుతోందట. ఇంకా ఎక్కువ తాగించడానికి సముద్రం మీద ఇనుప పొడి చల్లితే ఎలా ఉంటుందని కొందరు ఆలోచిస్తున్నారట. నాయనమ్మ ఆకూవక్కా నమలడం ఆపింది.

"ఏం పులుసన్నడే?"

"బొగ్గుపులుసు."

"పులుసుల ఇనుమేస్తరా? ఒక్కనాడన్న వంటజేసిన మొకాలు గావు. పులుపు విరగాలంటే సున్నం గావాలె."

నలభై ఏళ్ళు బట్టీ దగ్గర చేతులు కాల్చుకున్న మనిషి. సున్నం పడి చర్మం మండితే చింతపండు పులుసు పూసుకోవడం ఆమెకు తెలుసు. "సున్నం మంటకు పులుసు మందైతే, పులుసుకు సున్నం మందుగాదా?" అని వచ్చిన వాళ్ళనల్లా అడిగింది. గరిడేపల్లి బడిలో సైన్సు చెప్పే దస్రు సార్‌ను కూడా అడిగింది. ఆయన పక్క తండా నుంచి మొదటిసారి డిగ్రీ దాకా చదివిన మనిషి, నన్ను ఎనిమిదిలో రెండోసారి కూర్చోబెట్టిన మహానుభావుడు. ఆయన ముందు నవ్వాడు. తర్వాత నవ్వడం ఆపాడు. తర్వాత సైకిలు వెనక్కి తిప్పుకుని పుస్తకం చూడడానికి ఇంటికి పోయాడు.

మర్నాడు వచ్చి, "మణెమ్మవ్వా, నువ్వన్నది నిజమే. ఆ గాలి మన ఊపిరిల గూడ ఉంటది. కావాల్నంటే సున్నపు తేటల ఊది సూడు," అన్నాడు. చదువుకున్న వాళ్ళు ఇలాగే ఒక మాట అనేసి వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఊదింది మేము.

మొదట ఊదితే సున్నపు తేట పాలలాగా తెల్లబడుతుంది. అంతవరకు పుస్తకంలో ఉంది. పుస్తకం రాసినాయన అక్కడ ఆగిపోయాడు. మా నాయనమ్మ ఆగలేదు. నా ఊపిరి కదా, ఆమెదేం పోతుంది? "ఇంకా ఊదు," అంది. కళ్ళు తిరిగేదాకా ఊదాను. పాలు మళ్ళీ తేట నీళ్ళయ్యాయి. ఇరవై ఊపిర్లకు పాలు, ఇంకో ఇరవైకి నీళ్ళు. ఆమె ఆ సీసాను ఎండకు పెట్టి చాలాసేపు చూసింది. నేను పీట మీద పడి ఉన్నాను. నన్ను చూడలేదు.

అప్పటినుంచి ఊరికి ఊపిరాడలేదు. పోస్టుమాను ఉత్తరాలు రోడ్డు మీది నుంచే విసిరి పారిపోవడం నేర్చుకున్నాడు. ఓట్లడగడానికి వచ్చిన ఒక నాయకుడు, పది ఓట్లున్న ఇల్లని, దండం పెట్టి మరీ ఊదాడు. అరవై ఊదినా పాలు కూడా కాలేదు. "ఈయన ఊపిరంత వాగ్దానాలకే ఖర్చయింది, పాపం," అని నాయనమ్మ ఆయనకు ఆకూవక్కా ఇచ్చి పంపింది.

ఇక మిగిలింది సముద్రం. "మన బోరింగు నీళ్ళల్ల అయితే సరే. సముద్రంల గూడ గిట్లనే అయితదా?" అన్న ప్రశ్నతో ఆమెకు అన్నం సహించలేదు. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మా వీధి పార్వతి వచ్చి, సున్నపు కుప్ప పక్కన కూర్చుని, నాయనమ్మతో చాలాసేపు గుసగుసలాడి, ముక్కు తుడుచుకుంటూ వెళ్ళింది. గోడలకు సున్నం వేయించుకోవాలేమో అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

పార్వతి మొగుడు సైదయ్య లారీ డ్రైవరు. మిర్యాలగూడ నుంచి బియ్యం బందరు తీసుకుపోయి, బందరు నుంచి ఉప్పు మిర్యాలగూడకు తెచ్చేవాడు. వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళేవాడు. వచ్చేటప్పుడు మధ్యలో కోదాడ ఉంది, కోదాడలో సారా దుకాణం ఉంది. పొద్దున కోదాడకు చేరిన లారీ గరిడేపల్లికి మూడోనాడు వచ్చేది. ఒకసారైతే వరిపొలంలోకి దిగింది. ఇంకొకసారి ఇట్లా జరిగితే తాళంచెవి తీసుకుంటానని ఓనరు అన్నాడు. పుట్టింటికి పోతానని పార్వతి అంది. ఇద్దరికీ సైదయ్య తలకాయ ఊపాడు. తాగినప్పుడు అతను దేనికైనా ఊపేవాడు.

పార్వతి వచ్చిపోయిన మర్నాడే నాయనమ్మ లారీకి అడ్డం నిలబడింది.

"సైదయ్యా, నాకు సముద్రం తెస్తవా?"

"మొత్తమా పెద్దమ్మా?"

"ఒక డబ్బ. వారం వారం తేవాలె. ఏడ ఆగినా సముద్రం చెడిపోతది. తెచ్చినోడే ఊదాలె, తెచ్చిన పూటనే ఊదాలె. నోట్ల సారా ఉంటె లెక్క తప్పుతది."

పక్కనే ఉన్న దస్రు సార్, "అవ్వా, సారాకు దీనికి ఏం సంబం..." అనబోయాడు. నాయనమ్మ ఆయన నోట్లో తమలపాకు పెట్టింది. సున్నం కాస్త ఎక్కువే వేసినట్టుంది, ఆయన ఆ రోజంతా మాట్లాడలేదు.

మొదటి డబ్బా మర్నాడే వచ్చింది. రెండోది వచ్చినప్పుడు సైదయ్య ఊదగానే నాయనమ్మ ముక్కు ఎగరేసి, డబ్బా మొత్తం కాలువలో పారబోసింది. "సముద్రం పాడైంది. పైవారం మంచిది తే," అంది. సైదయ్యకు రోషం వచ్చింది. తిట్టినా పట్టించుకోని మనిషికి, తాను తెచ్చిన సముద్రాన్ని పారబోస్తే రోషం వచ్చింది. పై వారం కోదాడ దాటి గంటన్నరలో మా ఇంటి ముందు హారను కొట్టాడు. నాయనమ్మ ఊదించి, "గిట్లుండాలె ఊపిరి. రాయవే, సైదయ్య ఊపిరి నంబర్ వన్," అంది. ఊరంతా అతన్ని సముద్రం సైదయ్య అనడం మొదలుపెట్టింది. అతను మీసం దువ్వడం మొదలుపెట్టాడు.

నోటుబుక్కులో నాలుగు గళ్ళు ఉండేవి. తారీఖు, పాలైన ఊపిర్లు, తేటైన ఊపిర్లు, వాసన. నాలుగో గడిలో నాయనమ్మ చెప్పినట్టు "లేదు" అని రాసేదాన్ని. దాదాపు రెండేళ్ళు, వారం వారం, లేదు, లేదు, లేదు. సముద్రానికి వాసన లేదని లోకానికి తెలియడం ఎంత అవసరమో అనుకున్నాను.

తొంభై మూడు మొదట్లో సూర్యాపేటలో సైన్సు ప్రదర్శన పెట్టారు. పిల్లలతోపాటు పెద్దలు కూడా రావచ్చన్నారు. మొదటి బహుమతి వచ్చిన వాళ్ళను విశాఖపట్నం తీసుకుపోయి, సముద్రం మీద పరిశోధన చేసే వాళ్ళకు చూపిస్తారట. ఈ మాట దస్రు సార్ చెప్పగానే నాయనమ్మ పెట్టెలోంచి కొత్త చీర తీసింది. సముద్రాన్ని చూడడానికి ఏ చీర కట్టుకోవాలో ఆమె ఎప్పుడో అనుకుని పెట్టుకుందని అప్పుడు తెలిసింది.

సూర్యాపేట హాల్లో మాది చివరి బల్ల. సున్నం, సీసాలు, కాడలు, డబ్బా నిండా సముద్రం. సైదయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, పార్వతిని వెంటబెట్టుకుని వచ్చి, దారినపోయే ప్రతివాడికీ డబ్బా చూపించి, "నేనే తెచ్చిన," అంటున్నాడు. న్యాయనిర్ణేత చంద్రమౌళి గారు, మిర్యాలగూడ కాలేజీలో లెక్చరరు. కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"ఏమ్మా, సున్నం కాల్చేటప్పుడే ఆ వాయువు బయటికి వస్తుంది కదా. ఆ సున్నాన్ని సముద్రంలో వేసి ఏం బావుకుంటారు?"

"ఊదు సారూ," అంది నాయనమ్మ.

"నేనా?"

"లోకం కోసం."

ఆయన ఊదాడు. ఇరవైకి పాలయ్యాయి.

"బట్టీల ఎంత గాలి పోయిందో అంత వాపసొచ్చింది. ఇంకో ఇరవై ఊదు. ఆ, తేటపడ్డయా? గిది లాభం. దాంట్లకెల్లి బట్టీల కాల్చిన కట్టెల పొగ తీసెయ్యాలె, ఓడల పొగ తీసెయ్యాలె. సముద్రంల చేపలేమంటయో అడగాలె. అన్ని పోను ఎంత మిగుల్తదో నాకు తెల్వదు. మిగుల్తదని మాత్రం తెలుసు."

చంద్రమౌళి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఊది ఊది ఆయాసం వచ్చిందో, ఆశ్చర్యం వచ్చిందో చెప్పలేను. "ఇదంతా ఎవరు రాశారు?" అన్నాడు. నేను ముందుకు జరిగాను.

"ఈ వాసన అన్న గడి ఏమిటి?"

"సముద్రం వాసన సార్. లేదు," అన్నాను ధీమాగా.

ఆయన నన్ను ఒకలా చూసి, డబ్బాలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. మళ్ళీ ఒకసారి రాసుకున్నాడు.

"మాది బందరమ్మా. ఆ నీళ్ళలోనే పుట్టి పెరిగాను. సముద్రపు నీళ్ళు ఉప్పగా ఉండి, చివర్న చేదు తగులుతాయి. ఇందులో చేదు లేదు. ఇవి ఉప్పు కలిపిన మామూలు నీళ్ళు. ఎవరు తెచ్చారివి?"

పొద్దుటినుంచి ఆ డబ్బా తానే తెచ్చానని హాలంతా చెప్పిన మనిషి స్తంభం వెనక్కి పోయాడు. ఇస్త్రీ చొక్కా ఒక్క నిమిషంలో తడిసిపోయింది. పార్వతి మొగుడి వైపు తల తిప్పబోతోంది.

"ఎవలు తెచ్చుడేంది సారూ, నేనే కలిపిన," అంది నాయనమ్మ. "సైదయ్య తెచ్చిన సముద్రం ఇంట్ల ఒలికిపోయింది. బోరింగు నీళ్ళల్ల గళ్ళుప్పేసి తెచ్చిన."

"అట్లా ఎందుకు చేశారమ్మా? లెక్కంతా ఇంత బాగా చేసి?"

"సముద్రం దూరం గదా."

హాలంతా నవ్వింది. చంద్రమౌళి గారు మాత్రం నవ్వలేదు. నోటుబుక్కు మూసి రెండు చేతులతో నాయనమ్మకు ఇచ్చాడు. మొదటి బహుమతి మట్టితో చేసిన ఒక అగ్నిపర్వతానికి వచ్చింది. అది పేలలేదు. పేలి ఉంటే ఎంత బాగుండేదో దాని పక్కనున్న చీటీలో రాసి ఉంది, అది చదివి ఇచ్చారు.

నాయనమ్మ కొత్త చీర మడిచి పెట్టెలో పెట్టేసింది. తర్వాత మూడు రోజులు ఎవరినీ ఊదమనలేదు. పోస్టుమాను ఇంట్లోకి వచ్చి మరీ ఉత్తరం ఇచ్చి, ఏమైందని అడిగాడు.

నాలుగో నాడు పొద్దున్నే లారీ వచ్చి ఆగింది. సైదయ్య దిగలేదు. కిటికీలోంచి, "ఎక్కు పెద్దమ్మా," అన్నాడు.

"ఏడికిరా?"

"నీళ్ళకు."

నాయనమ్మ చీర మార్చుకుని, ఒడిలో ఒక సున్నపు మూట, సీసా, బొప్పాయి కాడ పెట్టుకుని ఎక్కింది. నోటుబుక్కు పట్టుకుని నేనూ ఎక్కాను. కోదాడ వచ్చింది.

"ఆపురా, చాయ్ తాగుదం."

"కోదాడల నేను ఆగ పెద్దమ్మా."

"మరి ఆ డబ్బలు ఏడ నింపినవ్?"

సైదయ్య రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పలేదు. "గీ హోటల్ పంపు కాడనే. ఇంజను బంద్ చెయ్యకుండ నింపుకుని, లారీల ఉప్పేసుకుని వస్తుంటి. మొదటిసారి నిజంగనే సముద్రం కాడికి పోయిన. అలొచ్చి నా చెప్పు గుంజుకపోయింది. భయమైంది. మళ్ళ పోలే."

"ఒక్క చెప్పేనా?"

"ఒక్కటే."

"మరి రెండోది గూడ ఇచ్చి రాకపోయినవ్. అది మాత్రం ఏం జేసుకుంటది ఒక్కదాన్ని?"

బందరు పోయేసరికి మధ్యాహ్నం అయింది. నాయనమ్మ ఇసుక మీద చరచరా నడిచింది. నీళ్ళు కాళ్ళకు తగిలేదాకా పోయి నిలబడింది. ఇటు చివరి నుంచి అటు చివరిదాకా చూసింది. ఒడిలోని మూట చూసుకుంది.

"సున్నం తక్కువ తెచ్చినం," అంది.

అయినా తెచ్చింది వృథా చేయకుండా గుప్పెడు గుప్పెడు చల్లింది. ఆ రోజు నుంచి భూమి ఎంత చల్లబడిందో మీరే చూస్తున్నారు. తర్వాత దోసిట్లో నీళ్ళు పట్టి నాలుకకు రాసుకుని ఉమ్మేసింది. "మొదటి డబ్బ గిట్లనే చేదుండె. తర్వాతయి లేకుండె."

సైదయ్య దూరంగా, చెప్పులు రెండూ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను నోటుబుక్కు తెరిచాను. నాలుగో గడిలో పైనుంచి కిందిదాకా లేదు, లేదు, లేదు. ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివిన బుర్రలోకి ఆ గడి ఎవరిదో అప్పుడు ఎక్కింది.

"అయితే నీకు మొదటినుంచి తెలుసు. రెండేండ్ల లెక్క కోదాడ నీళ్ళల్ల పోసినవ్. విశాఖపట్నం పోగొట్టుకున్నవ్. ఇగ నీ సముద్రం సంగతి ఏం గావాలె నాయనమ్మా?"

నాయనమ్మ ఒడిలోంచి సీసా తీసి సముద్రంలో ముంచింది, మూటలో మిగిలిన చిటికెడు సున్నం వేసింది, బొప్పాయి కాడ నా చేతిలో పెట్టింది.

"సముద్రం ఏడికి పోతదే? రెండేండ్లైనా గాడనే ఉంటది. వాడు ఉండకపోతుండె. ఇగ నోరు మూసుకుని ఊదు."