బావ చెప్పిన ‘కొన్ని’

తిరుత్తణి నుంచి ఆ ఫోను వచ్చినప్పుడు నేను తిరువళ్లూరు బజారులో మైకు పట్టుకొని బైబిలు వాక్యం చెబుతున్నాను. మా బావ, అంటే నా భార్యకు అన్న, నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడట. మైకు ఆపేశాను. ప్రియులారా, దుఃఖం కంటే ముందు నాలో లేచిన మాట చెబుతాను: పోవడం కూడా ఇంత సద్దు లేకుండా పోయి, అందులోనూ నన్ను మించాడే అనుకున్నాను.

బావ చెన్నైలో ఒక పరిశోధనశాలలో పనిచేసి, రిటైరయ్యాక తిరుత్తణిలో స్థిరపడినవాడు. గాజు పళ్లేల్లో క్యాన్సర్ కణాలను పెంచి, వాటిమీద రేడియేషన్‌ను కొద్దికొద్దిగా, బాగా నెమ్మదిగా పడనిచ్చి, ఏమవుతాయో చూడడం ఆయన పని. నేను ఎవరి దగ్గరా చదవకుండా వాక్యం నేర్చుకున్నవాణ్ణి. నా ప్రసంగమంతా నరకపు అగ్ని, గంధకం.

"ఏం బావా, ఈ వారం ఎంతమందిని కాల్చినావు?" అనేవాడు బావ, ఆదివారం భోజనాల దగ్గర.

"నీ మాదిరి సన్నసెగ మీద వేయించేది నాకు చేతగాదు బావా."

అందరూ నవ్వేవాళ్లు. నా అరుపులకు ఆవులించే మా ఇంటి మనుషులే, ఆయన గొణిగితే ముందుకు వంగి వినేవాళ్లు. దేవుడు పెనుగాలిలో కాదు, నిప్పులో కాదు, మెల్లని స్వరంలో వచ్చాడన్న వాక్యం చదివినప్పుడల్లా నాకు బావ మీదే కోపం వచ్చేది.

తర్వాత నా భార్యకు గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్ వచ్చింది. రేడియేషన్ వచ్చే పదార్థాన్ని లోపలే పెట్టి నెమ్మదిగా ఇచ్చే చికిత్స అన్నారు డాక్టర్లు. ఆమె వెళ్లనంది. సముద్రాన్ని చీల్చినవాడు ఆ కణాలన్నిటినీ కాల్చేస్తాడని మోకాళ్లూని గర్జించాను. గోడవైపు తిరిగి పడుకుంది. బావ వచ్చి, ఎప్పటిలాగే ముందు కళ్లజోడును చొక్కా కొసతో తుడుచుకున్నాడు.

"అంత మెల్లగా ఇస్తే అవి చస్తాయాన్నా?" అని అడిగింది.

"కొన్ని చస్తాయి పాపా. కొన్ని, టైము దొరుకుతుంది గదా, దెబ్బ మాన్పుకుంటాయి. కొన్నిటికి దెబ్బ చిన్నది గాబట్టి తగిలినట్టే తెలీదు. అవి మాన్పుకోకుండానే ఒకటి రెండుగా చీలబోయి ఆడనే కూలిపోతాయి."

"అన్నీ పోతాయా?"

"అన్నీ అని నేను ఎప్పుడూ చూళ్లేదు. చాలా పోతాయి."

మర్నాడు పొద్దున ఆమె సంచి సర్దుకుంది. నా ‘అన్నీ’కి లేవని మనిషి ఆయన ‘కొన్ని’కి లేచింది. బతికింది. దేవుణ్ణి ఆనాడే స్తుతించాను. బావకు చెప్పాల్సిన కృతజ్ఞత ఇప్పుడు చెబుతున్నాను, పళ్లు కొరుక్కుంటూనే.

ప్రతి చెకప్‌కు ముందు ఆమె ఫోను చేసేది ఆయనకే. నేను అదే గదిలో ఉండేవాణ్ణి.

సమాధి చేసి వచ్చిన వారానికి మళ్లీ చెకప్. ఫోను చేతిలోకి తీసుకుంది, పక్కన పెట్టేసింది.

"ఏమయ్యా, మళ్లీ వస్తుందంటావా?"

ఏళ్లుగా నేను కాచుకున్న ప్రశ్న. రాదు అని గర్జించబోయి ఆగాను. తుడుచుకోవడానికి నాకు కళ్లజోడైనా లేదు.

"కొందరికి వస్తుంది. చాలామందికి రాదు" అన్నాను మెల్లగా.

ఆమె తలూపింది. నా వైపు చూసి కాదు. బావ వస్తే కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ వైపు చూసి.