అంజవ్వ వదిన కోడలికిచ్చిన కూపన్

నిన్న పొద్దున ఏడు కాకముందే ఫోన్ మోగింది.

ఆస్పత్రి నుంచి అంజవ్వ కోడలు మౌనిక. "పెద్దమ్మా, అత్తమ్మ పోయింది" అన్నది. చేతిలోని చాయ్ గ్లాసు ఎప్పుడు కింద పెట్టానో గుర్తు లేదు.

ఫోన్ మోగితే చాలు, ఎవరికో ఏదో అయిందనుకునే మనిషిని నేను. ఇన్నేళ్లలో వెయ్యిసార్లు ఉత్తగనే అనుకున్నాను.

నిన్న నిజమైంది.

 ఏడుపు కన్నా ఈ మాట మీకు చెప్పాలన్న తొందరే ఎక్కువగా ఉంది. నాకు చదువు తక్కువ, తప్పులుంటే సర్దుకుని చివరిదాకా చదవండి. మా పర్వత్ పాటియా బస్తీలో ఉన్న మన తెలుగు ఆడవాళ్లంతా చదవాలి.

అంజవ్వ నాకు చుట్టం కాదు. ఇరవై ఏళ్లుగా గోడకు గోడ. ఒకరినొకరం వదినె అని పిలుచుకునేవాళ్లం. ఇద్దరం ఇంట్లోనే చీరలకు స్టోన్లు అతికించేవాళ్లం. నేను ఒక చీర చేసేలోపు ఆమె రెండు చేసి, నాది కూడా లాక్కునేది.

"నువ్వు భయపడుకుంట కూసో. పని నేను చేస్త" అనేది.

ఒకసారి బార్డోలీలో పెళ్లికి బస్సెక్కాం. గ్యాస్ ఆపానో లేదో అని నేను దిగబోయాను. కొంగు పట్టి కూర్చోబెట్టింది.

"కాలితే ఇద్దరి ఇండ్లు కాల్తయి. గోడ ఒక్కటే గద. కూసో."

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

రెండేళ్ల కింద మా గల్లీలో ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ టెస్ట్ క్యాంప్ పెట్టారు. నలభై దాటినవాళ్లు రావాలని ఇంటికొక కూపన్ ఇచ్చారు. అంజవ్వకు అరవై దాటాయి. నాకు ఇంకా ఎక్కువ.

మా ఇళ్లలో ఏది వచ్చినా ముందు కోడలికి, పిల్లలకు. మిగిలితే మాకు.

"మౌనికను తోలు వదినె, పాలిచ్చే పిల్ల. మనకేమొస్తది" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. దాచను.

అంజవ్వ కూపన్ పట్టుకుని మౌనిక వెళ్లింది. డాక్టరమ్మ చూసి, "నీకిప్పుడు ఈ టెస్ట్ అక్కర్లేదు. వయసు పెరిగేకొద్దీ ఈ జబ్బు భయం పెరుగుతుంది. మీ అత్తను పంపు" అందట.

అంజవ్వ పడీ పడీ నవ్వింది. "పాలిచ్చుడు బందు వెట్టి ముప్పై ఏండ్లాయె. మూతపడ్డ కార్ఖానల ఏం ఖరాబైతది?"

నాకూ నిజమే అనిపించింది. నా కూపన్ బియ్యం డబ్బా మీద పెట్టి మరిచిపోయినట్టు ఉండిపోయాను.

ఆరు నెలలకు రొమ్ములో చిన్న గడ్డ ఆమె చేతికి తగిలిందట. నొప్పి లేదని ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా. నేను కంగారు పడతానని.

తెలిసేసరికి జబ్బు చాలా దూరం పోయింది.

ఈ పొద్దున వాళ్లింట్లో ఆడవాళ్లమంతా కూర్చున్నాం. పక్క గల్లీ నర్సవ్వ మెల్లగా, "పాపం ఆమెకు గట్ల రాసిపెట్టి ఉండె. మన వయసుల అందరికి రాదులే" అన్నది.

నాకేమైందో తెలియదు. లేచి నిలబడ్డాను.

"మన వయసులనే ఎక్కువొస్తదని డాక్టరమ్మ జెప్పింది. ఇననిది మనమే. చెప్పుండ్రి, ఎవరికెన్నేండ్లు?"

"నాకు యాభై గూడ లేవు" అన్నది నర్సవ్వ.

"నీ మనుమనికి మీసాలొచ్చినయి అత్తా" అన్నది మౌనిక, కళ్లు తుడుచుకుంటూనే.

చావింట్లో నవ్వు వచ్చింది. అంజవ్వ ఉంటే అందరికన్నా గట్టిగా నవ్వేది.

అలా ఒక్కొక్కరూ ఒప్పుకున్నారు. నలభై దాటినా టెస్ట్ చేయించుకోనివాళ్లు ఏడుగురు తేలారు. అప్పుడు మౌనిక నా వైపు చూసింది.

"మరి నువ్వు, పెద్దమ్మా?"

 గ్యాస్ గురించి, బస్సు గురించి, అందరి పిల్లల గురించి దిగులు పడ్డాను. నా ఒంటి గురించి ఒక్క అడుగు వేయలేదు.

రేపు పది గంటలకు ఎనిమిది మందిమి ఆస్పత్రికి వెళ్తున్నాం. మొదట నా పేరే రాయించాను. ఏం తేలుతుందోనని భయంగానే ఉంది. తెలియకుండా భయపడటం నాకు అలవాటే. ఈసారి తెలుసుకుని భయపడతాను.

మీ ఇంట్లో అమ్మ, అత్త, నాయనమ్మ ఉంటే తీసుకెళ్లండి. వద్దంటారు. వినకండి.

పోయిరా, అంజవ్వ వదినె. చాలా నొప్పి పడ్డావు. ఇక నీకు నెమ్మది దొరకాలి.