రెక్కలు పీకే ఆయన

ఆయన ఉద్యోగం దోమల కాళ్లూ రెక్కలూ పీకడం. నవ్వకండి, అదీ ఉద్యోగమే.

జ్వరాల మీద పరిశోధన చేసే పెద్ద భవనంలో, రెండు తలుపులూ మూడు వలతెరలూ దాటాక ఆయన బల్ల ఉంటుంది. అక్కడ దోమలకు వైరస్ కలిపిన రక్తం తాగిస్తారు. రెండు వారాలు పెంచి, మంచు మీద పెట్టి, మత్తెక్కాక ఆయన ముందు పెడతారు. సన్నటి పట్టకారుతో ఆయన ఒక్కో కాలూ లాగేస్తాడు, తర్వాత రెక్కలు. మిగిలిన మొండెం తొండాన్ని సన్నని గాజు గొట్టంలో దూరుస్తాడు. ఆ దోమ అందులో ఉమ్ముతుంది. ఆ ఉమ్మిలో వైరస్ ఉందా లేదా అన్నదే అక్కడ తేల్చేది. దోమ తాగిన ప్రతి వైరసూ దాని ఉమ్మిదాకా రాదు. కొన్ని జాతుల్లో కడుపులోనే చిక్కుకుపోతుంది. అలాంటిది ఎంత కుట్టినా ఆ జ్వరం అంటదు. కాళ్ల మీద తెల్లచారలున్న దోమ డెంగీని తేలిగ్గా ఉమ్మేస్తుంది. మురుగు దోమకు అది చేతకాదు. అలాగని మురుగు దోమ మంచిదేం కాదు, కాళ్లు వాచే జబ్బు మోస్తుంది. ఈ జ్వరం మాత్రం దానిది కాదు.

వీధిలో ఆయన పేరు రెక్కలాయన. టీ కొట్టు దగ్గర, "ఏం రెక్కలన్నా, ఇవాళ ఎంతమందిని కుంటివాళ్లని చేశావ్?" అని అడిగేవారు. నవ్వేవాడు, కానీ నవ్వు మీద నమ్మకం పెట్టుకోకూడదు. చెయ్యి దురుసు మనిషి. చిల్లర లేదన్న బస్సు కండక్టర్ని చెంప మీద కొట్టాడు. ఇంటి ఓనర్ని మెట్ల మీద నుంచి తోశాడు. రోజంతా ఊపిరి బిగబట్టి, వేలు వణక్కుండా పనిచేసే మనిషి బయటికి రాగానే వేళ్లన్నీ ముడిచి పిడికిలి చేసేవాడు.

ఆయనకు పడని మనిషి ఒకడే, బావమరిది. వీధి చివర పంక్చర్ షాపు. షాపు వెనక పాత టైర్ల గుట్ట, వాటి కడుపుల్లో వాననీళ్లు.

"ఆ నీళ్లు పారబొయ్యరా. చారల దోమలు గుడ్లు పెట్టేది అందులోనే," అని రెక్కలాయన పదేపదే చెప్పాడు.

"నేను నీ పెళ్లాం తమ్ముణ్ని బావా, నీ బల్ల మీది దోమని కాదు. పెత్తనం అక్కడ చేసుకో." ఆ మాటతో ఊరుకోలేదు వాడు. టీ కొట్టు ముందు, పదిమంది వింటుండగా, "మా బావ మగాడే, దోమల దగ్గర," అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. రెక్కలాయన గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. ఇంటికెళ్లి భార్య మీద అరిచాడు. ఆమె, "వాడు చిన్నవాడు, వదిలెయ్యండి," అంది. వాడికి ముప్పై దాటాయి.

ఆ వర్షాకాలం టైలరు కూతురు డెంగీ జ్వరంతో చచ్చిపోయింది. రెండో తరగతి పిల్ల. వీధి మొత్తం మురుగు కాలువకేసి చూసింది. అది నిండి కంపు కొడుతోంది, కాలువ తీసే ఆయన చాలా రోజులుగా రాలేదు. ఆయనకే జ్వరమొచ్చి పడుకున్నాడని ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలనీ ఎవరికీ లేదు.

పిల్ల పోయిన మర్నాడు మధ్యాహ్నం కాలువ తీసే ఆయన పార భుజాన వేసుకుని వచ్చాడు. టైలరు ఆగిపోయిన కుట్టుమిషను ముందు నుంచి లేచి, ఆ పార లాక్కుని దాని కర్రతోనే ఆయన్ని కొట్టాడు. తర్వాత అందరూ కొట్టారు. కూరగాయల బండి ఆయన, సెల్‌ఫోన్ల కుర్రాడు. స్కూలు మాస్టారు కూడా చెప్పు తీశాడు. మోచెయ్యి విరిగిన చప్పుడు రెక్కలాయనకు స్పష్టంగా వినిపించింది. సెలవు రోజు కావడంతో గుమ్మంలోనే ఉన్నాడాయన.

మొదట నోరు మెదపలేదు. నోరు విప్పితే ఈ గుంపు ఎటు తిరుగుతుందో ఆయనకు తెలుసు. బావమరిది మీద ఎంత మంటున్నా, వాడు భార్యకున్న ఒక్కగానొక్క తమ్ముడు.

"కాలువలో తొక్కండ్రా వీణ్ని! తాగనియ్యండి!" అని ఎవరో అరిచారు. కాలువ తీసే ఆయన తల పట్టుకుని మురుగులోకి వంచారు. బుడగలొచ్చాయి.

అప్పుడు రెక్కలాయన గుంపులోకి దూరి టైలరు చొక్కా పట్టుకున్నాడు. "వదలండి! ఆయన్ని చంపినా ఏం లాభం లేదు. మురుగు దోమతో డెంగీ రాదు. దాని ఉమ్మిలోకి ఆ వైరస్ చేరదు. నేను చూశాను, రోజూ చూస్తాను."

"దోమ దోమేగా అన్నా," అన్నాడు సెల్‌ఫోన్ల కుర్రాడు.

"కాదు. వేరే జాతి."

"అయితే ఎక్కణ్నించి వచ్చిందది?" టైలరు గొంతు చాలా మెల్లగా ఉంది. "నా పిల్లని కుట్టింది ఎక్కణ్నించి వచ్చిందో చెప్పు."

కాలువ తీసే ఆయన తల ఇంకా వాళ్ల చేతుల కిందే ఉంది.

"టైర్లలో నీళ్లు," అన్నాడు రెక్కలాయన.

చేతులు వదిలాయి. గుంపు పంక్చర్ షాపుకేసి నడవడం మొదలుపెట్టింది. ఆయన వాళ్లకంటే ముందు పరిగెత్తాడు. పరిగెడుతూనే ఒక ఉపాయం ఆలోచించుకున్నాడు. వీళ్లు కొడితే చంపేస్తారు. ముందు నేనే కొడితే, బావా బావమరుదుల గొడవ అనుకుని నిలబడి చూస్తారు. నాలుగు దెబ్బలతో వాళ్ల కోపం చల్లారుతుంది. మంచి ఉపాయమే.

బావమరిది ట్యూబుకు అతుకు వేస్తున్నాడు. "ఏంటి బావా, దోమ తప్పించుకుందా?" అన్నాడు నవ్వుతూ.

రెక్కలాయన మొదటి దెబ్బ చూసుకునే కొట్టాడు, చెంప మీద, అరచేత్తో. వాడు తూలి, టైర్లు ఊడదీసే ఇనప పట్టీ అందుకున్నాడు. అది బావ భుజానికి తగిలింది. ఆ తర్వాతి దెబ్బల్లో ఉపాయమేమీ లేదు. ఆయన పట్టీ లాక్కున్నాడు. టీ కొట్టు ముందు విన్న నవ్వంతా చెవుల్లో మోగింది. వాడు కింద పడ్డాక కూడా కొట్టాడు, చేతులు అడ్డం పెట్టుకుంటే చేతుల మీద, ముఖం తిప్పుకుంటే చెవి మీద. చెవిలోంచి రక్తం కారి గ్రీజులో కలిసింది.

ఉపాయం పారింది. గుంపు నిలబడిపోయింది. చివరికి ఆయన నడుం పట్టుకుని వెనక్కి లాగింది టైలరే. "చాలయ్యా, చచ్చిపోతాడు! చాలు!"

భార్య వచ్చేసరికి ఆయన చేతిలో పట్టీ ఇంకా ఉంది. ఆమె తమ్ముణ్ని లేపి ఆటోలోకి ఎక్కించింది. ఆయన ఎక్కబోతే అడ్డం నిలబడింది.

"నేను కొట్టకపోతే వీళ్లు చంపేసేవాళ్లే," అన్నాడు.

"మొదటి దెబ్బ వీళ్లని ఆపడానికే అనుకుందాం," అంది. "మిగతావి?"

ఆటో వెళ్లిపోయింది. ఆయన షాపు వెనక్కి వెళ్లి టైర్లు బోర్లించసాగాడు. తోకలాడించే పురుగులతో సహా నల్లటి నీళ్లు మట్టిలోకి ఇంకాయి. కాసేపటికి టైలరు వచ్చి, బరువైన లారీ టైరు రెండో వైపు పట్టుకున్నాడు. కాలువ తీసే ఆయన విరిగిన చేతిని రెండో చేత్తో పట్టుకుని ఒక్కడే ఆస్పత్రికి నడిచి వెళ్లాడు.

తర్వాతి వారాల్లో వీధిలో కొత్త జ్వరాలు తగ్గాయి. దానికి ఆయన్ని ఎవరూ మెచ్చుకోలేదు. ఆయన ఎప్పటిలాగే బల్ల ముందు కూర్చుని కాళ్లు లాగుతున్నాడు.

ఒకరోజు భార్య బట్టల కోసం వచ్చింది. ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు.

"వాడికి వినపడుతోందా?"

"ఒక్క చెవితోనే," అంది ఆమె సంచీ జిప్పు లాగుతూ. "జరగండి, ఆటో ఆగి ఉంది."

ఆయన జరిగాడు.