ఆముదపు పులి

పెళ్లయి గద్వాల నుంచి ఖిల్లా ఘణపూర్‌కు కాపురానికి వస్తూ నేను వెంట తెచ్చుకున్నది ఒక ఇత్తడి బిందె, ఒక బుల్లి కుక్క. గుండ్రటి పుట్టి ఎక్కి కృష్ణా నది దాటేటప్పుడు బిందెను మా అన్న పట్టుకున్నాడు, కుక్కను నేను ఒళ్లో పెట్టుకున్నాను. బిందెను చూసి మా అత్త మురిసిపోయింది. కుక్కను చూసి, "ఏందే ఇది, ఎలుకనా?" అంది.

అది కుందేలంత ఉండేది, నిజమే. తెల్లటి ఒళ్లు, పొట్టి కాళ్లు. అయినా ఎద్దుల మీదికే మొరిగేది. ఎలుక అన్నందుకు నాకు ఒళ్లు మండింది గానీ, కొత్త కోడలిని, ఏమనగలను?

మా ఇంటి వెనకే కోట గుట్ట. నిజాం కాలం రోజులు. గుట్ట నిండా పొదలు, పొదల్లో చిరుత. పొద్దుగూకితే కిందికి దిగి ఊరి కుక్కల్ని ఎత్తుకుపోయేది. అత్త పెంచుకున్న నల్ల కుక్కను కిందటేడు మా వాకిట్లోంచే పట్టుకుపోయిందట.

"గంత పెద్ద కుక్కనే ఎత్కపాయె. నీ ఎలుక దానికి ఒక్క బుక్కకు గూడ రాదు. అమాస ఎల్లినంక మీ అన్న వస్తడు గద, బండ్లేసి తోలియ్యి. ఇంకో కుక్క పోతుంటే నేను సూడలేను," అంది.

ఆ కుక్క లేకపోతే ఆ ఇంట్లో నాకు కబుర్లు చెప్పుకునే దిక్కు లేదు. మా ఆయన మాట్లాడేవారు, ఎద్దుల గురించి మాత్రం. అమావాస్యలోగా దాన్ని కాపాడే ఉపాయం చూపిస్తే అత్త మనసు మారుతుందని నా ఆశ.

గొర్రెల కాపరులు తమ కుక్కల మెడకు ఇనుప ముళ్ల పట్టీ కడతారు, చిరుత గొంతు పట్టకుండా. ఒకటి అడిగి తెచ్చాను. అది నా కుక్కకు మెడకు కాదు, నడుముకు సరిపోయింది. పట్టుబట్టి మెడకే కడితే, పట్టీ బరువుకు తల నేలకు ఆనిపోయి, అత్త అప్పుడే అలికిన వాకిట్లో నాగలి తోలినట్టు చాళ్లు పడ్డాయి. అవన్నీ మళ్లీ నేనే అలికాను.

తర్వాత కోళ్ల గంప కింద మూసి చూశాను. కుక్క గంపతో సహా నడిచింది. తనంతట తానే ఎదురొస్తున్న గంపను చూసి అత్త చాట కింద పడేసి, "ఓ యవ్వో!" అంటూ ఇంట్లోకి పరుగెత్తింది. నవ్వినందుకు నాకు ఆ పూట అన్నం ఆలస్యంగా దొరికింది.

ఇక మా పక్కింటి సాయిబు తాత ఉన్నాడు. ఏటా పీర్ల పండుగకు పులి వేషం కట్టేవాడు. ఆయన వేషం కడితే నిజం పులి కూడా పక్కకు తప్పుకుంటుందని ఆయన నమ్మకం.

"జర ఇను బిడ్డా. చిరుత ఎవలకు భయపడ్తది? పెద్దపులికి. బస్, దీన్ని పెద్దపులిని జేస్త," అన్నాడు.

పసుపు ఆముదంలో కలిపి ఒళ్లంతా పూశాడు. మసి ఆముదంలో కలిపి చారలు దిద్దాడు. ఆ రోజుల్లో మాకు దీపానికీ ఆముదమే, తలకూ ఆముదమే, కడుపు శుభ్రానికీ ఆముదమే. ఆ మూడోది ఇద్దరికీ గుర్తుకు రాలేదు. కుక్క మధ్యాహ్నమంతా ఒళ్లు నాకుతూ కూర్చుంది. పోనీలే, శుభ్రమైన కుక్క అనుకున్నాను.

దీపాలు పెట్టే వేళ అత్త తలుపు వేసింది. కుక్క తలుపును గీకింది, మూలిగింది, నా మొహంలోకి దీనంగా చూసింది. సంగతి అర్థమై నేను తలుపు కాస్త తీయగానే కాళ్ల సందులోంచి దూరి, వాకిలి మూలకు పరుగెత్తి కూర్చుంది.

గోడ మీద చిరుత ఉంది.

కుక్క దాన్ని చూసింది. కానీ పాపం, మధ్యలో లేచే స్థితిలో లేదు. చిరుత చారల్ని చూసి భయపడినట్టు నాకేమీ కనిపించలేదు. ఒళ్లు కూడదీసుకుని దూకబోతోంది. నేను తలుపు పట్టుకునే ఉన్నాను. నా ప్రాణం అక్కడే పోయిందనుకున్నాను.

నన్ను తోసుకుని అత్త వెళ్లింది. కోళ్ల గంప తీసుకుపోయి కుక్క మీద బోర్లించి, గంప మీద కూర్చుంది.

"దొంగముండా! కిందటేడు నా నల్లదాన్ని తింటివి, కడుపు నిండలేదా? దీన్ని ముట్టు సూస్త, నీ మీసాలు పీకి పొయ్యిల పెడ్త!"

ఇంకా చాలా అంది, అవి రాయలేను. పాపం, చిరుతను అంతకుముందు ఎవరూ అలా తిట్టి ఉండరు. మొహం తిప్పుకుని గుట్ట వైపు దూకింది. అప్పుడే గంప విరిగి, అత్త కూలబడింది. ఆమె చీర మీద ఆముదం ఉంది, పసుపు ఉంది, చెప్పకూడనిదీ ఉంది. విరిగిన గంపలోంచి పచ్చటి మొహం బయటికి వచ్చింది.

"సచ్చిపోతుంటివి గదే," అని అత్త దాన్ని పట్టుకుని బోరుమంది. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. ఆమెను పట్టుకుని ఏడ్చింది అదే మొదటిసారి.

"సూసిన్రా, నా రంగు పంజేసింది!" అంటూ గోడవతల నుంచి సాయిబు తాత సంబరపడ్డాడు. మేము కాదనలేదు.

అమావాస్య వెళ్లింది. మా అన్న బండి కట్టుకుని వచ్చి, "కుక్క యాడుంది అత్తమ్మా, తీస్కపోత," అన్నాడు.

అత్త గడపకు అడ్డంగా నిలబడింది. చేతివేళ్లు పసుపుతో, మసితో జిడ్డు కారుతున్నాయి. అంతదాకా లోపల కూర్చుని కుక్కకు చెరిగిపోయిన చారలు మళ్లీ దిద్దింది మరి.

"కుక్క లేదు నాయినా మా ఇంట్ల," అంది. "పులి ఉన్నది. పులిని ఎట్ల తీస్కపోతవ్?"